పాచి మాటున రోగక్రిములు: మనిషి కంటిపొరపైనే పరీక్ష

కుప్ప నూర్పిళ్ల రోజులు. తూర్పారబడుతుంటే గాలి వాటం మారుతుంది. తాలూ నూగూ ఒక్కసారిగా ముఖాన కొడతాయి. వడ్లగింజ మొన కంట్లో గుచ్చుకుంటుంది. కోతల్లో అయితే ఒంగిన మనిషి కంటిని వరి ఆకు కొస సర్రున గీరుకుపోతుంది. కండువా చెంగుతో కన్ను ఒత్తుకుని మళ్లీ పనిలో పడతారు. సాయంత్రానికి కన్ను ఎర్రబారుతుంది. "ఏం బాబాయ్, కన్నట్లా ఉందే?" అని ఎవరైనా అడిగితే, "నలక పడిందిరా, రేపటికి అదే పోతుంది" అన్న జవాబు వస్తుంది.

రేపటికి పోదు. మర్నాడు చనుబాలు పిండుతారు. ఆ మర్నాడు నందివర్ధనం పూలు అద్దుతారు. నాలుగో రోజు మందుల షాపులో అడిగితే ఏదో చుక్కల మందు ఇస్తారు. వారం తిరిగేసరికి నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ తేలుతుంది. పల్లెల్లో దాన్ని 'పువ్వు' అంటారు. అప్పుడు గానీ పట్నం ఆసుపత్రికి ప్రయాణం కట్టరు.

అక్కడ డాక్టరు రాసే మందు మంచిదే. పరీక్ష గొట్టంలో ఆ క్రిమిని చంపి చూపించిన మందే. అయినా కొందరి కళ్లలో అది త్వరగా పట్టదు. చుక్కలు వేసినన్నాళ్లు తగ్గినట్టే ఉండి, ఆపగానే తిరగబెట్టే సందర్భాలూ ఉన్నాయి. గొట్టంలో చచ్చిన క్రిమి కంట్లో ఎందుకు చావదు? ఆలస్యం ఒక కారణం. మందుకు లొంగని మొండి క్రిమి కావడం మరో కారణం. వీటితోపాటు ఇంకొకటి కూడా ఉంది. దాని పేరు తెలుగు ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అదే పాచి.

తొట్టిలో జిగురు, పళ్ల మీద పాచి

నీళ్ల తొట్టిని నాలుగు రోజులు తోమకపోతే లోపలి గోడ వేలికి జారుతుంది. చెరువు మెట్టు మీద చూసుకోక కాలు పెడితే జర్రున జారుతుంది. పొద్దున్నే పుల్ల వేయకముందు నాలుకతో పళ్లను తడిమితే మెత్తగా ఏదో తగులుతుంది. చెరువు మెట్ల మీద నాచు కూడా కలిసి ఉంటుంది గానీ, ఈ జారుడుతనం అంతటికీ మూలం ఒకటే. కంటికి కనిపించని సూక్ష్మక్రిములు ఒకచోట అంటుకుని, తమ చుట్టూ తామే జిగురు కక్కుకుని, అందులో కాపురం ఉంటాయి. మనవాళ్లు దీన్ని ఎప్పటినుంచో పాచి అంటున్నారు. శాస్త్రజ్ఞులు బయోఫిల్మ్ అనే పేరు పెట్టింది మొన్న మొన్ననే.

నీళ్లలో విడిగా ఈదే క్రిమి ఒంటరి బాటసారి లాంటిది. మందు ఎదురైతే దానికి దాగే చోటు ఉండదు. అది ఏ గోడకో, కణానికో అంటుకుని, పిల్లల్ని పెట్టి, చక్కెర పదార్థాలతో, మాంసకృత్తులతో జిగురు అల్లుకుంటే పరిస్థితి తిరగబడుతుంది. కొన్ని మందులు ఆ జిగురులోనే చిక్కుకుపోతాయి. లోపలిదాకా చేరిన మందుకు ఇంకో చిక్కు ఉంది. పాచి అడుగున ఉండే క్రిములకు తిండి, గాలి సరిగా అందవు. అవి పెరగడం మానేసి నిద్రపోతున్నట్టు పడి ఉంటాయి. చాలా యాంటీబయాటిక్ మందులు పెరుగుతున్న క్రిమిని దెబ్బతీస్తాయే గాని, నిద్రపోతున్న క్రిమిని అంతగా ఏమీ చేయలేవు. మందు ఆపిన తరవాత అవే లేచి మళ్లీ సంతానాన్ని పెంచుతాయి. పాచిలో ఉన్న క్రిమిని చంపాలంటే విడి క్రిమికి సరిపోయే మందుకు పదిరెట్ల నుంచి వెయ్యిరెట్ల దాకా కావలసి రావచ్చునని శాస్త్ర గ్రంథాలు చెబుతున్నాయి. అంత మందు మనిషి ఒంట్లోకి ఎక్కించడం చాలాసార్లు అయ్యే పని కాదు.

ఈ సంగతిని మొదట గమనించినవాడు డాక్టరు కాదు. హాలెండు దేశంలో డెల్ఫ్ట్ పట్టణపు బట్టల వ్యాపారి. పేరు ఆంటొనీ వాన్ లీవెన్‌హుక్. సొంతంగా నూరుకున్న గాజు కటకంతో తన పళ్ల పాచిని చూసి, అందులో గిలగిలలాడే ప్రాణులున్నాయని 1683లో లండన్‌లోని రాయల్ సొసైటీకి రాశాడు. పాచి మీద వెనిగర్ అనే పులుపు ద్రవం పోసి చూస్తే పైపైన ఉన్నవి మాత్రమే చచ్చాయని, దళసరిగా పేరుకున్నచోట లోపలివి బతికే ఉన్నాయని కూడా గుర్తించాడు. ఆ తరవాత దాదాపు మూడువందల ఏళ్లపాటు ఈ మాటను పట్టించుకున్నవారు తక్కువ. ప్రయోగశాలల్లో క్రిములను సీసాలో గంజిలాంటి ద్రవంలో పెంచడం తేలిక కాబట్టి అందరూ అలాగే పెంచారు. మందులనూ వాటిమీదే పరీక్షించారు.

కొండవాగు రాళ్లు చెప్పిన మాట

కెనడాకు చెందిన బిల్ కాస్టర్టన్ ఈ ధోరణిని మార్చాడు. ఆయనకు మన దేశంతోనూ పరిచయం ఉంది. పంజాబ్‌లోని బటాలాలో కొన్నేళ్లు కళాశాల అధ్యాపకుడిగా పనిచేశాడు. తరవాత కెనడా వెళ్లి కాల్గరీలో ఉండగా, సహచరులతో కలిసి కొండవాగుల నీళ్లను పరీక్షించాడు. పారే నీటిలో క్రిములు కొద్దిగానే కనిపించాయి. అదే వాగులో రాళ్ల మీది జిగురును గీరి చూస్తే లెక్కకు మించి ఉన్నాయి. అంటే క్రిములు సహజంగా ఉండేది నీటిలో కాదు, రాతి మీద! 1978లో ఆయన బృందం ఈ విషయాన్ని సామాన్యులకు అర్థమయ్యేలా ఒక ప్రసిద్ధ అమెరికన్ సైన్సు పత్రికలో రాసింది.

వాగులో జరిగేది మనిషి ఒంట్లోనూ జరుగుతుందని నాలుగేళ్లకే రుజువైంది. గుండెకు పేస్‌మేకర్ యంత్రం అమర్చిన ఒక రోగికి రక్తంలో క్రిమి చేరింది. మందు ఇస్తే తగ్గడం, ఆపితే తిరగబెట్టడం. చివరికి యంత్రం తీగను బయటికి తీసి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూశారు. తీగంతా దళసరి పాచి పట్టి ఉంది. 1982లో ప్రచురించిన ఈ పరిశీలనలో కాస్టర్టన్ కూడా పాలుపంచుకున్నాడు.

అయితే ఒక రోగి తీగను బయటికి తీసేదాకా ఆగి, అప్పుడు చూసి లాభమేమిటి? పాచిని ప్రయోగశాలలోనే పెంచి, దాని మీద మందులు ప్రయత్నించే పద్ధతి కావాలి. అక్కడ మొదలైంది అసలు వేట.

తొంభై ఆరు గుంటల పలక

అన్నిటికంటే తేలికైన పద్ధతి ఒక ప్లాస్టిక్ పలక. అరచేతి వెడల్పున్న ఆ పలకలో ఇడ్లీ పళ్లెంలో ఉన్నట్టు చిన్న చిన్న గుంటలు ఉంటాయి. మొత్తం 96. ఒక్కో గుంటలో క్రిములున్న ద్రవం పోసి ఒకటి రెండు రోజులు వెచ్చగా ఉంచుతారు. తరవాత నీళ్లతో కడుగుతారు. ఈదేవి కొట్టుకుపోతాయి, అంటుకున్నవి మిగులుతాయి. వాటికి క్రిస్టల్ వయొలెట్ అనే ఊదారంగు అద్ది మళ్లీ కడుగుతారు. ఎంత పాచి ఉంటే అంత రంగు నిలుస్తుంది. ఆ రంగును కరిగించి చిక్కదనాన్ని యంత్రంతో కొలుస్తారు.

1999లో కాల్గరీ విశ్వవిద్యాలయంలో హోవర్డ్ సెరీ బృందం దీనికి ఇంకో మెరుగు పెట్టింది. పలక మూతకు 96 చిన్న మేకుల్లాంటివి అమర్చారు. మూత పెడితే ఒక్కో మేకు ఒక్కో గుంటలో మునుగుతుంది. మేకు చుట్టూ పాచి పడుతుంది. మూత ఎత్తి, రకరకాల మోతాదుల్లో మందు పోసిన వేరే పలక మీద పెడతారు. తరవాత మందు లేని తాజా ద్రవంలో ముంచుతారు. ఎక్కడ ద్రవం మళ్లీ మబ్బుగా మారుతుందో అక్కడ క్రిమి బతికినట్టు. పాచిని నిర్మూలించడానికి ఎంత మోతాదు కావాలో ఇలా ఒక్క విడతలోనే తేలుతుంది.

పరీక్ష ఎలా చేశామన్నదాన్ని బట్టి మనుషుల కళ్లు నిలవడమో పోవడమో ఉంటుందని 2006లో ప్రపంచానికి తెలిసివచ్చింది. కళ్లజోడుకు బదులు కంట్లో పెట్టుకునే మెత్తటి కాంటాక్ట్ లెన్సులను రాత్రిపూట ఒక ద్రావణంలో నానబెట్టి ఉంచుతారు. సింగపూర్‌లో, హాంకాంగ్‌లో, తరవాత అమెరికాలో ఈ లెన్సులు వాడేవారికి వరసగా బూజు తెగులు సోకి కంటిపుండ్లు వచ్చాయి. ఆ బూజు పేరు ఫ్యుజేరియం. మన పొలాలకు కొత్తది కాదు. కంది, శనగ, అరటి పంటల్లో ఎండుతెగులు తెచ్చే జాతి అదే. ఒక్క అమెరికాలోనే ఆ ఏడాది 164 మందికి వ్యాధి సోకినట్టు నిర్ధారించారు. అనుమానం ఒక ప్రసిద్ధ కంపెనీ ద్రావణం మీదికి పోయింది. కంపెనీ దాన్ని ప్రపంచమంతటా మార్కెట్ నుంచి ఉపసంహరించుకుంది.

ఆ ద్రావణాలు పరీక్షలు నెగ్గకుండా అమ్మకానికి వచ్చినవి కావు. లోపం ఎక్కడుందో క్లీవ్‌లాండ్‌లోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2008లో చూపించారు. ఫ్యుజేరియాన్ని లెన్సు మీదే పెంచారు. ఈదే బూజును చంపిన ద్రావణం లెన్సు మీది పాచిని చంపలేకపోయింది. మరో ముచ్చట ఇంకా విచిత్రం. ఇలాంటి ద్రావణాలను పరీక్షించడానికి అంతర్జాతీయ ప్రమాణం సిఫారసు చేసిన ఫ్యుజేరియం నమూనా ఒకటుంది. అది అసలు పాచి కట్టే రకమే కాదు! రోగుల కళ్ల నుంచి తీసిన బూజు మాత్రం శుభ్రంగా పాచి కట్టింది. సాధుజంతువు మీద సాధన చేసి పులి వేటకు పోయినట్టయింది.

ప్లాస్టిక్కుకు ప్రాణం లేదు

పలక పరీక్షలో ఇంకో లోటు ఉంది. ప్లాస్టిక్కుకు ప్రాణం లేదు. మనిషి కణానికి ఉంది. క్రిమి వచ్చి వాలితే కణం ఊరుకోదు, ఏదో ఒకటి చేస్తుంది. దాని నుంచి ఊరే పదార్థాలను క్రిమి తింటుంది, దానికి తగ్గట్టు తన నడత మార్చుకుంటుంది. కాబట్టి పాచిని బతికున్న మనిషి కణాల మీదే పెంచి చూడాలన్న ఆలోచన వచ్చింది.

చెప్పినంత తేలిక కాదు. కణాలను పాత్రలో పరిచి క్రిములను వదిలితే, అవి పాచి కట్టేలోపే కణాలను తినేస్తాయి. అమెరికాలో హానోవర్ పట్టణంలోని డార్ట్‌మౌత్ వైద్య కళాశాల పరిశోధకులకు ఎదురైన సమస్య ఇదే. వారు తీసుకున్నది సూడోమోనాస్ అనే బాక్టీరియా. గాయాల్లో పచ్చని చీము పట్టించేది, కంట్లో పడితే రోజుల్లోనే నల్లగుడ్డును కరిగించేది అదే. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టు జబ్బు ఉన్నవారి ఊపిరితిత్తుల్లో అది ఏళ్ల తరబడి పాచి కట్టుకుని ఉంటుంది. ఈ జబ్బు తెల్లజాతి వారిలో ఎక్కువ, మన దగ్గర తక్కువ.

వారు అలాంటి రోగి శ్వాసనాళపు కణాలను వారం పదిరోజులు పెంచి, చాపలా ఒక పొర పరిచారు. దాని మీద సూడోమోనాస్‌ను వదిలి ఒక గంట ఆగారు. అంటుకోని క్రిములను తీసేసి, తాజా ద్రవంలో ఆర్జినైన్ అనే పదార్థం కొద్దిగా కలిపారు. మాంసకృత్తుల్లో సహజంగా ఉండేదే అది. దానితో కణాల నాశనం ఆలస్యమై, పాచి కట్టడానికి కొన్ని గంటల వ్యవధి దొరికింది. ద్రవాన్ని సన్నగా పారిస్తూ సూక్ష్మదర్శిని కింద దాదాపు రోజంతా చూసే ఏర్పాటు కూడా చేసుకున్నారు. క్రిములు పచ్చగా వెలిగేలా ముందే మార్చి ఉంచారు కనుక, చీకట్లో మిణుగురుల గుంపులా పాచి ఎక్కడెక్కడ లేస్తున్నదీ కనిపించింది.

2008లో వెలువడిన ఫలితాలు రెండు సంగతులు చెప్పాయి. మొదటిది: కణాల మీది పాచి టోబ్రామైసిన్ అనే మందుకు ఎదురునిలిచిన తీరు వేరు, ప్లాస్టిక్ మీది పాచి తీరు వేరు. రెండోది: జబ్బు కణాల నుంచి ఇనుము ఎక్కువగా బయటికి వస్తోంది, ఆ ఇనుమును తిని పాచి బలుస్తోంది. అయితే ఇనుమును పట్టి ఉంచే మందు కలిపితే? అలాంటి మందులు ముందే ఉన్నాయి. మాటిమాటికీ రక్తం ఎక్కించుకునే తలసేమియా పిల్లల ఒంట్లో పేరుకునే ఇనుమును తీయడానికి వాడే డెఫెరాక్సమైన్, డెఫెరసిరాక్స్ మందులు అవి. టోబ్రామైసిన్‌తో వీటిని కలిపినప్పుడు కణాల మీది పాచి బాగా తగ్గినట్టు 2009లో ప్రకటించారు. ఇది పాత్రలో తేలిన ఫలితం. అలాగని రోగికి వేసే మందు అయిపోదు. కానీ ప్లాస్టిక్ గుంటల్లో ఎన్నేళ్లు వెతికినా ఈ ఇనుము సంగతి బయటపడేది కాదు, ప్లాస్టిక్కుకు ఇనుము ఊరదు కనుక.

హైదరాబాద్‌లో కంటిపొర మీద

పాత్రలో పరిచిన కణాల కంటే ఇంకా అసలుకు దగ్గరగా పోవాలంటే? మనిషి అవయవాన్నే వాడాలి. గుండెనో ఊపిరితిత్తినో అలా తెచ్చుకోవడం ఎంతో కష్టం. కన్ను విషయంలో మాత్రం దారి ఉంది. నేత్రదానం.

హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి 1987లో మొదలైంది. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టి సినీరంగంలో పేరు తెచ్చుకున్న ఎల్.వి. ప్రసాద్ స్థలమూ ధనమూ ఇవ్వగా, డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు నెలకొల్పిన సంస్థ అది. 1989 నుంచి అక్కడ రామాయమ్మ నేత్రనిధి పనిచేస్తోంది. చనిపోయినవారి బంధువులు ఒప్పుకుంటే, సాధ్యమైనంత వరకు ఆరు గంటల్లోపే కళ్లు సేకరిస్తారు. నిజానికి పనికొచ్చేది నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా ఉండే కార్నియా పొర. మధ్యలో దాని మందం అర మిల్లీమీటరు ఉంటుంది, అంతే. అందులో రక్తనాళాలు ఉండవు. అందుకే ఒంటినుంచి వేరు చేసినా తగిన ద్రావణంలో చల్లగా ఉంచితే కొన్నాళ్లు చెడదు.

దానంగా వచ్చిన ప్రతి కార్నియా మార్పిడికి పనికిరాదు. పొర లోపలివైపు ఉండే కణాలు తగినన్ని ఉండాలి. ముసలితనంలో అవి తగ్గిపోతాయి. "మా నాయన కళ్లు ఎవరికి పెట్టారండీ?" అని అడిగే కుటుంబాలకు ఈ సంగతి ముందుగా చెప్పడం మంచిది. పెట్టలేకపోయిన కన్ను వృథా అయినట్టు కాదు. కొత్త డాక్టర్లు చేయి తిప్పుకోవడానికి, పరిశోధనకు ఆ కార్నియాలే ఆధారం.

ఆ ఆసుపత్రిలో సూక్ష్మక్రిముల విభాగానికి చెందిన శాస్త్రజ్ఞుడు ఎస్. శివాజీ. అంతకుముందు హైదరాబాద్‌లోని సీసీఎంబీలో ఉండి అంటార్కిటికా మంచులో బతికే బాక్టీరియాను పరిశోధించిన మనిషి. మంచులోని క్రిములను వదిలి కంట్లోని క్రిముల వెంట పడ్డారు. ఆయన, సహచరులు 2022లో ప్రకటించిన అధ్యయనం మన రైతు కంటికి దగ్గరగా వచ్చే పని.

కంటి జబ్బుతో వచ్చిన రోగుల నుంచి తీసిన మూడు క్రిములను వారు ఎంచుకున్నారు. ఒకటి స్టెఫిలోకాకస్ ఆరియస్, సెగగడ్డల్లో చీము పట్టించేది. రెండోది దాని చుట్టమే, ఎపిడెర్మిడిస్, అందరి చర్మం మీదా సాధారణంగా ఉండేది. మూడోది కాండిడా అనే బూజు, పసిపిల్లల నాలుక మీద తెల్లపూత పూసేది. నిజమైన పుండులో ఒక్క క్రిమే ఉండాలన్న నియమం లేదు, బాక్టీరియా బూజు రెండూ చేరవచ్చు. అందుకని విడివిడిగానూ, జతగానూ పెంచారు. ముందు ప్లాస్టిక్ గుంటల్లో, ఆ తరవాత చనిపోయినవారు దానమిచ్చిన కార్నియాల మీద.

ఇలాంటి పరీక్షల్లో కార్నియా పైపొరను ముందు పదునైన పరికరంతో సన్నగా గీరడం మామూలు. ఆరోగ్యంగా ఉన్న పొర చాలా క్రిములను లోపలికి రానివ్వదు. గీటు పడితేనే దారి ఏర్పడుతుంది. వరి ఆకు కంటికి చేసేదీ అదే. తరవాత క్రిములను వదిలి, పోషక ద్రవంలో, మన ఒంటి వేడిమిలో ఉంచుతారు.

గంటలు గడిచేకొద్దీ పొర మీద పాచి లేచింది. లేజరు సూక్ష్మదర్శినితోనూ, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితోనూ చూశారు. ద్రాక్షగుత్తుల్లా గుమిగూడే స్టెఫిలోకాకస్, దాని పక్కన బూజు, అంతటినీ కప్పి జిగురు. ప్లాస్టిక్ మీదే కాదు, మనిషి కంటిపొర మీద కూడా బాక్టీరియా బూజూ కలిసి పాచి కడతాయని తేలింది. ఎవరు ముందు వచ్చారన్నది కూడా లెక్కలోకి వచ్చింది. రెండింటినీ ఒకేసారి వదిలితే కట్టిన పాచి ఒక మోస్తరు, ఒకటి కట్టిన పాచిలోకి రెండోదాన్ని వదిలితే ఇంకో మోస్తరు.

మందుల సంగతికి వస్తే, పాచిలో ఉన్నవి విడి క్రిముల కంటే గట్టిగా ఎదురునిలిచాయి. ఇది ఊహించిందే. ఊహించనిది మరొకటి జరిగింది. ఇద్దరు దొంగలు కలిస్తే పట్టుకోవడం మరీ కష్టమని అనుకుంటాం. ఇక్కడ అలా కాలేదు. జంట పాచిని తుడిచిపెట్టడానికి కావలసిన మందు మోతాదు ఒంటి పాచికి కావలసినంతే ఉంది, కొన్నిటికి అంతకంటే తక్కువే సరిపోయింది. జంటగా ఉన్న ప్రతి పాచీ రెట్టింపు గట్టిదని ముందే అనుకుని మందు నిర్ణయించే పనిలేదన్నమాట.

పాత్రలో లేనివి

ఇంత చేసినా ఆ పాత్రలో కన్ను లేదు, కంటి ముక్క ఉంది. రెప్ప లేదు. రెప్ప కొట్టినప్పుడల్లా పొరను తుడిచే కన్నీరు లేదు. ఆ కన్నీటిలో సహజంగా ఉండే క్రిమినాశక పదార్థాలు లేవు. అన్నిటికంటే ముఖ్యంగా రక్తం నుంచి పరుగెత్తుకొచ్చే తెల్లకణాలు లేవు. పుండులో చీము అంటే చాలావరకు ఆ కణాలే. అవి క్రిమిని చంపుతాయి, ఆ పోరులో కార్నియానూ కరిగిస్తాయి. పువ్వు పడటంలో క్రిమి చేసిన చెరుపు ఎంత, మన ఒళ్లు చేసుకున్న చెరుపు ఎంత అన్నది పాత్రలోని పొర చెప్పలేదు.

ఇంకో లోటు కూడా ఉంది. నూర్పిళ్ల కంట్లో పుండు పెట్టే బూజులు ముఖ్యంగా ఫ్యుజేరియం, ఆస్పర్జిల్లస్. మట్టిలో, గడ్డిలో, తడిసిన ధాన్యంలో ఉండేవి. దక్షిణాదిలో బూజు వల్ల వచ్చే కంటిపుండ్లు చాలా ఎక్కువ. 2022 నాటి ఆ అధ్యయనంలో వాడిన కాండిడా ఈ జాతి కాదు. అందువల్ల దాని ఫలితాన్ని వరిచేలోని పుండుకు ఉన్నది ఉన్నట్టు అంటగట్టకూడదు.

రెప్ప లోటును తీర్చే ప్రయత్నం అమెరికాలో జరిగింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డాన్ హూ బృందం 2019లో ఒక చిన్న అచ్చు మీద మనిషి కార్నియా కణాలను పెంచి, దాని మీదుగా జెల్లీతో చేసిన రెప్ప మూసుకుని తెరుచుకునేలా అమర్చింది. కన్నీళ్లూ పారించింది. అది క్రిముల కోసం చేసింది కాదు. కళ్లు పొడిబారే జబ్బు కోసం. రేపు అలాంటి దానిమీద పాచి పెంచి చూడవచ్చు.

కన్ను గీరేస్తారన్న భయం

ఈ పరిశోధనలకు, పల్లె నుంచి బస్సెక్కి వచ్చిన రోగికి మధ్య దూరం పైకి కనిపించినంత లేదు. కంటిపుండుతో పెద్దాసుపత్రికి వచ్చినవారికి డాక్టరు మందు వేయడానికి ముందే పుండును కొద్దిగా గీరి తీస్తాడు. ఈ మాట వినగానే జడిసి వెనక్కి పోయేవారున్నారు. "కన్ను గీరేస్తారట" అని ఊళ్లో చెప్పుకుంటారు. గీరడానికి ముందు తిమ్మిరెక్కే చుక్కలు వేస్తారు. పని కొద్ది నిమిషాలే. గీరగా వచ్చిన పిసరంత తునకను గాజు పలక మీద పెట్టి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే, బూజు తీగలున్నదీ లేనిదీ అక్కడికక్కడే చాలావరకు తెలిసిపోతుంది. మిగతా తునకను పెంచి ఏ క్రిమో, ఏ మందుకు లొంగుతుందో చూస్తారు. దానికి కొన్నిరోజులు పడుతుంది.

గీరడంలో రెండో ప్రయోజనం కూడా ఉంది. చచ్చిన పొర, దాని మీది జిగురు లేచిపోతాయి. చుక్కల మందుకు లోపలికి దారి దొరుకుతుంది. నాటామైసిన్ లాంటి బూజు మందు కంటి పొరలోకి లోతుగా దిగదు కనుక ఈ దారి దానికి మరీ అవసరం. మొదట్లో గంటగంటకూ, రాత్రి నిద్రలేపి కూడా చుక్కలు వేయమని ఎందుకంటారో కూడా ఇందువల్ల అర్థమవుతుంది. కన్నీటితో మందు కొట్టుకుపోతూనే ఉంటుంది. లోపల ఉన్నవాటికి మందు తగులుతూనే ఉండాలి.

మందుల షాపులో చేతికొచ్చిన చుక్కల్లో స్టెరాయిడ్ కలిసినవి ఉంటాయి. వాటితో ఎరుపు, నొప్పి ఒక పూటలో తగ్గినట్టుంటుంది, బూజు మాత్రం లోపల పాకుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు అంతకుముందు వాడిన సీసాలన్నీ, ఖాళీవైనా సరే, సంచిలో వేసుకుని వెళ్లాలి. ఏమేమి పడ్డాయో తెలిస్తే, గీరిన తునకలో క్రిమి కనిపించకపోయినా డాక్టరు దాన్ని చూసే చూపు వేరుగా ఉంటుంది.